హోమ్ లోన్ తీరిపోయింది, దస్తావేజులు రాలేదు: బ్యాంకు మీద కేసు ఎక్కడ వేయాలి?

పర్లాకిమిడి నుంచి ఒక అమ్మ రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దని కోరారు. ఆవిడ పుట్టిల్లు పాతపట్నం, మెట్టినిల్లు పర్లాకిమిడి. ఒకటి శ్రీకాకుళం జిల్లాలో ఉంది, రెండోది ఒడిశాలోని గజపతి జిల్లాలో. రాష్ట్రాలు వేరైనా మధ్య దూరం ఆటోలో వెళ్లొచ్చేంతే. పెళ్లప్పుడు తండ్రి పసుపు కుంకుమ కింద పాతపట్నంలో స్థలం రాసిచ్చారు. అందులో ఇల్లు కట్టుకోవడానికి భార్యాభర్తలిద్దరూ కలిసి శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు బ్యాంకు బ్రాంచిలో హోమ్ లోన్ తీసుకున్నారు. తండ్రి రాసిన దానసెటిల్‌మెంటు దస్తావేజు, ప్లాను, పన్ను రసీదులు అన్నీ ఆ బ్రాంచికే అప్పగించారు. తర్వాత అదే బ్యాంకు పర్లాకిమిడిలోనూ బ్రాంచి తెరిస్తే ఖాతా ఇక్కడికి మార్చుకున్నారు. అప్పటినుంచి ఈఎంఐ ఇక్కడి ఖాతాలోంచే పోయేది. కిందటి జ్యేష్ఠంలో చీటీ పాడిన డబ్బు తెచ్చి, మిగిలిన బాకీ మొత్తం పర్లాకిమిడి బ్రాంచిలోనే కట్టేశారు. నో డ్యూస్ లెటరు చేతికొచ్చింది. దస్తావేజులు మాత్రం ఇంతవరకూ రాలేదు.

"శ్రీకాకుళం వెళ్తే కాగితాలు వైజాగ్‌లో ఉంటాయి, తెప్పిస్తాం అంటారు. పర్లాకిమిడిలో అడిగితే లోన్ ఇచ్చింది మేం కాదు కదా అంటారు. మొన్న ఒకాయన గొంతు తగ్గించి, కవరు కనిపించడం లేదమ్మా, మీరే పోలీసు స్టేషన్లో పోయినట్టు ఒక కంప్లయింటు ఇచ్చి తెస్తే పని తొందరగా అయిపోతుంది అన్నారు" అని రాశారు.

ఈలోపు ఇంటికి బేరం కుదిరింది. మాఘంలో కూతురి పెళ్లి ఉంది, ఆ డబ్బుతోనే పెళ్లి చేయాలని అనుకున్నారు. కొనే ఆయన టెక్కలిలో ఉద్యోగి. రెండు లక్షలు అడ్వాన్సు ఇచ్చి అగ్రిమెంటు రాసుకున్నారు. ఆయనా లోన్ పెట్టే కొంటున్నారు కాబట్టి ఒరిజినల్ దస్తావేజు లేకుండా వాళ్ల బ్యాంకు కదలదు. అగ్రిమెంటు గడువు దగ్గర పడుతోంది.

దీనికి తోడు ఇంట్లో గొడవ. "ఆ బ్యాంకుకు మనూళ్లో బ్రాంచి ఉంది, అది చాలు. ఆంధ్రా కోర్టుల చుట్టూ మనం తిరగడమేమిటి, నేరుగా కటక్ హైకోర్టుకే పోదాం" అంటారు భర్త. "లోన్ శ్రీకాకుళంలో, కాగితాలిచ్చింది శ్రీకాకుళంలో, ఇక్కడే వేయాలి" అంటాడు తమ్ముడు. మేనల్లుడు ఒక పేపరు కటింగు వాట్సాప్‌లో పంపి, "బ్యాంకు మీద కేసు ముంబైలోనే వేయాలని హైకోర్టు చెప్పిందట, సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసిందట" అన్నాడు. లోన్ అగ్రిమెంటు తీసి చూస్తే చివరి పేజీలో నిజంగానే "వివాదాలన్నీ ముంబై కోర్టుల పరిధిలోనే" అని ఉంది. "ఆ పేజీ చూసిన రోజు నుంచి నాకు నిద్ర లేదు. ముంబై ఎక్కడ, మేమెక్కడ? మా నాన్న ఇచ్చిన కాగితం కోసం నేను ఏ ఊరు పోవాలి?" ఇదీ ఆవిడ ప్రశ్న.

అమ్మా, ముందు ముంబై టెన్షన్ తీసేస్తాను. మీ సమస్యకు ముంబై వెళ్లనక్కర్లేని దారులు ఉన్నాయి. అందులో ఒకటి మీ పర్లాకిమిడిలోనే ఉంది. అయితే ఏ దారి ఎందుకు తెరిచి ఉందో మీకు తెలియాలి. తెలియకపోతే రేపు బ్యాంకు వకీలు "ఈ కోర్టుకు పరిధి లేదు", అంటే ఈ కేసు వినే అధికారం లేదు, అనగానే మళ్లీ గుండె జారిపోతుంది.

మీవారి మాటతో మొదలుపెడతాను. బ్రాంచి ఉన్న ప్రతిచోటా బ్యాంకు మీద కేసు వేయొచ్చని చాలామంది అనుకుంటారు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 20వ సెక్షన్ అలా చెప్పదు. ప్రతివాది ఉండే చోట గానీ, వ్యాజ్య కారణం, అంటే కేసుకు దారితీసిన సంఘటన, పూర్తిగానో కొంతైనానో పుట్టిన చోట గానీ దావా వేయొచ్చని అది చెబుతుంది. మరి దేశమంతా బ్రాంచీలున్న కంపెనీ ఎక్కడ ఉన్నట్టు? దానికి అదే సెక్షన్ కింద ఒక వివరణ ఉంది. కంపెనీ తన ప్రధాన కార్యాలయం ఉన్నచోట వ్యాపారం చేస్తున్నట్టు లెక్క. వ్యాజ్య కారణం పుట్టిన ఊళ్లో దానికి బ్రాంచి ఉంటే, ఆ కారణం వరకు అక్కడా ఉన్నట్టు లెక్క. అంటే బ్రాంచి ఉండాలి, గొడవ కూడా అక్కడే పుట్టి ఉండాలి. పాత వినియోగదారుల చట్టం కింద కూడా సుప్రీంకోర్టు 2009లో ఇదే మాట చెప్పింది. అంబాలాలో గోడౌన్ కాలిపోతే, బీమా కంపెనీకి చండీగఢ్‌లో ఆఫీసు ఉంది కదా అని అక్కడ ఫిర్యాదు చేశారు. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. బ్రాంచి ఉంటే చాలనుకుంటే, అంబాలా నష్టానికి తమిళనాడులోనో గువాహటిలోనో కేసు వేసుకోవచ్చన్నట్టు అవుతుందని చెప్పింది.

ఇక మేనల్లుడి కటింగు. ఆ అబ్బాయి పంపిన వార్త నిజమే, తీర్పు నిజమే. అయితే అది ఎవరి కేసో కటింగులో సరిగా రాలేదు. ఒక ప్రైవేటు బ్యాంకులో పనిచేసి ఉద్యోగం పోయినవాళ్లు, ఒకరు పట్నాలో, ఒకరు ఢిల్లీలో, తమ తొలగింపు చెల్లదని బ్యాంకు మీద దావా వేశారు. వాళ్ల నియామక పత్రాల్లో "ముంబై కోర్టులకే పరిధి" అనే షరతు ఉంది. పట్నా హైకోర్టు ఆ షరతు ప్రకారం ముంబైకే వెళ్లమంది. ఢిల్లీ హైకోర్టు ఢిల్లీలో నడపొచ్చంది. రెండూ కలిసి సుప్రీంకోర్టుకు వెళ్తే, 2025 ఏప్రిల్‌లో షరతు చెల్లుతుందని, ముంబైలోనే వేసుకోవాలని తేల్చింది. అలా ఎందుకు తేల్చిందో చూడండి, మీకు పనికొచ్చేది అదే. ఉద్యోగం ఇచ్చే నిర్ణయం, తీసేసే నిర్ణయం ముంబైలో జరిగాయి, ఉత్తర్వులు అక్కడినుంచే వచ్చాయి. కాబట్టి షరతు లేకపోయినా ముంబై కోర్టుకు చట్టప్రకారం పరిధి ఉంది. పరిధి ఉన్న రెండు మూడు కోర్టుల్లో ఒకదాన్ని ఎంచుకుని "ఇక్కడే" అని రాసుకుంటే ఆ షరతు నిలుస్తుంది. అసలు పరిధే లేని కోర్టుకు ఇద్దరూ సంతకాలు పెట్టి పరిధి తెచ్చిపెట్టలేరు. 1971 నుంచి సుప్రీంకోర్టు ఈ మాట మీదే ఉంది.

దీనికి పక్కన ఇంకో కేసు పెట్టి చూడాలి. తమిళనాడులోని బోడినాయకనూరులో ఒక ఏలకుల వ్యాపారి ఢిల్లీకి సరుకు పంపడానికి లారీ కంపెనీ బ్రాంచిలో అప్పగించాడు. ఢిల్లీ గోడౌన్లో మంటలకు సరుకు పాడైంది. ఆయన తన ప్రాంతం కోర్టులోనే దావా వేశాడు. కంపెనీ ప్రధాన కార్యాలయం ముంబైలో ఉంది, రసీదు మీద "ముంబై కోర్టులకే" అని అచ్చు వేసి ఉంది. 1991లో సుప్రీంకోర్టు ఆ అచ్చును పక్కన పెట్టేసింది. వ్యాజ్య కారణం పుట్టిన ఊళ్లో కంపెనీకి బ్రాంచి ఉన్నప్పుడు, ప్రధాన కార్యాలయం ముంబైలో ఉందన్న ఒక్క కారణంతో ముంబై కోర్టుకు పరిధి రాదని చెప్పింది. పరిధి రానప్పుడు షరతుకు విలువ లేదు. బ్యాంకులతో, లారీ కంపెనీలతో, బీమా వాళ్లతో సామాన్యుడికి ఇలాంటి గొడవ వచ్చినప్పుడు ఈ తీర్పు అండగా నిలవొచ్చు. చిన్న అక్షరాల్లో అచ్చేసిన షరతును చదివి సంతకం పెట్టేవాళ్లు ఎంతమంది ఉంటారు చెప్పండి.

ఈ రెండు కేసుల వెలుగులో మీ కాగితాలు చూసుకోండి. లోన్ మంజూరు లేఖ బయటికి తీసి, అది ఏ ఊరి ఆఫీసు నుంచి వచ్చిందో, ఎవరు సంతకం పెట్టారో చూడండి. శ్రీకాకుళమో విశాఖపట్నమో అయితే, దస్తావేజులిచ్చింది శ్రీకాకుళంలో, ఆఖరి బాకీ కట్టి నో డ్యూస్ తీసుకుంది పర్లాకిమిడిలో. మీ వ్యవహారంలో ముంబైలో జరిగింది ఏమీ లేదు. ఏలకుల కేసు మీకు బాగా దగ్గర. మంజూరు ముంబైలోనే జరిగినట్టు కనిపిస్తే సివిల్ కోర్టులో బ్యాంకు ఆ షరతును గట్టిగా పట్టుకుంటుంది. మీరు గెలవరని అనడం లేదు, కానీ అసలు విషయం మొదలవకముందే పరిధి గొడవలో ఏడాదో రెండేళ్లో పోవచ్చు.

అందుకే మీకు సివిల్ కోర్టు కంటే వినియోగదారుల కమిషన్ మెరుగని నా ఉద్దేశం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో 34వ సెక్షన్ పాత చట్టంలో లేని ఒక సౌకర్యం ఇచ్చింది. ఫిర్యాదుదారు నివసించే చోట, లేదా పనిచేసుకునే చోట ఉన్న జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. అవతలివాడి ఆఫీసు ఎక్కడుంది, లోన్ ఎక్కడిచ్చారు అన్న ప్రశ్న ఇక్కడ అడ్డు రాదు. ఇందాక చెప్పిన అంబాలా తీర్పు పాత చట్టం మీద వచ్చింది. ఈ కొత్త నిబంధన మీలాంటివాళ్ల కోసమే వచ్చింది. మీరు పర్లాకిమిడిలో ఉంటున్నారు, గజపతి జిల్లా కమిషన్ మీ ఊళ్లోనే ఉంది. ఈ చట్టం ఇచ్చే హక్కు మిగతా చట్టాలకు అదనమని 100వ సెక్షన్ చెబుతుంది కాబట్టి, అగ్రిమెంటులోని ముంబై షరతు చూపించి మీ ఫిర్యాదును తోసిపుచ్చమనడం బ్యాంకుకు అంత సులభం కాదు. ఇల్లు ఆంధ్రాలో ఉంది కదా అని మీవాళ్లు సందేహపడొచ్చు. ఇంటి మీద హక్కు ఎవరిదన్న తగాదా అయితే ఆస్తి ఉన్న చోటికే పోవాలి. మీ హక్కు మీద ఎవరికీ పేచీ లేదు. బ్యాంకు సేవలో లోపం గురించి మీరు అడుగుతున్నారు.

ఫిర్యాదు వేయడానికి వకీలు తప్పనిసరి కాదు, మీరే వేసుకోవచ్చు. సేవకు చెల్లించిన ప్రతిఫలం 50 లక్షల వరకు ఉంటే జిల్లా కమిషనే చూస్తుంది, 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. వకీలు కావాలనుకుంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగండి. 1987 చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. చాలామంది ఆడవాళ్లకు ఈ సంగతి తెలియక, వకీలు ఫీజుకు భయపడి ఊరుకుంటారు. అది నాకు చాలా బాధ కలిగించే విషయం. ఒక చిక్కు మాత్రం ఉంది. మీ దస్తావేజు నకలు, పన్ను రసీదులు తెలుగులో ఉంటాయి. ఒడిశాలో దాఖలు చేసేటప్పుడు ఇంగ్లీషులోకో ఒడియాలోకో అనువాదం జతచేయాల్సి వస్తుంది. మీ ఊళ్లో రెండు భాషలూ చదివి రాయగలవాళ్లకు కొదవ లేదు కాబట్టి అది పెద్ద అడ్డంకి కాదు.

ఇంకొక లాభం కూడా చెప్పాలి. జిల్లా కమిషన్ ఉత్తర్వు మీద బ్యాంకు అప్పీలుకు పోవాలంటే, కట్టమన్న సొమ్ములో సగం ముందు జమ చేయాలి. ఉత్తర్వు అమలు చేయించుకోవాలన్నా బ్యాంకు బ్రాంచి మీ బజారులోనే ఉంది. మీవారు పదేపదే చెప్పే ఆ బ్రాంచి అప్పుడు పనికొస్తుంది. నష్టం కూడా చెబుతాను: అప్పీలు కటక్‌లోని రాష్ట్ర కమిషన్‌కు వెళ్తుంది. శ్రీకాకుళంలో వేసి ఉంటే విజయవాడకు వెళ్లేది. మీకు రెండూ దూరమే. వీడియో ద్వారా విచారణ కోరే వీలు చట్టంలో ఉంది, అడగండి.

అయితే రేపే కమిషన్‌కు పరుగెత్తవద్దు. మీ చేతిలో అంతకంటే తొందరగా కదిలే ఒక ఆయుధం ఉంది, దాన్ని ముందు వాడాలి. రిజర్వు బ్యాంకు 2023 సెప్టెంబరులో ఒక ఆదేశం ఇచ్చింది. హోమ్ లోన్ లాంటి వ్యక్తిగత రుణం పూర్తిగా తీరిన 30 రోజుల్లోగా ఒరిజినల్ దస్తావేజులన్నీ తిరిగి ఇవ్వాలి, రిజిస్ట్రీల్లో నమోదైన తాకట్టును కూడా తొలగించాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే కారణం మీకు తెలియజేయాలి, రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. దస్తావేజులు పోయినా పాడైనా, నకళ్లు తెప్పించడంలో బ్యాంకే సాయపడాలి, ఖర్చు బ్యాంకే భరించాలి. దానికి ఇంకో 30 రోజులు గడువు దొరుకుతుంది, అంటే పరిహారం లెక్క 60 రోజుల తర్వాత మొదలవుతుంది. 2023 డిసెంబరు 1 తర్వాత తీరిన లోన్లన్నిటికీ ఇది వర్తిస్తుంది. లోన్ ఎప్పుడు తీసుకున్నారన్నది ముఖ్యం కాదు. మీరు బాకీ తీర్చింది కిందటి జ్యేష్ఠంలో. రోజుకు 5,000 అంటే నెలకు లక్షన్నర. బ్యాంకు వాళ్లకు ఈ లెక్క బాగా తెలుసు.

అదే ఆదేశంలో మీ "ఏ ఊరు పోవాలి" అన్న ప్రశ్నకు సూటిగా జవాబుంది. దస్తావేజులు లోన్ నడిచిన బ్రాంచిలో తీసుకోవాలా, అవి అందుబాటులో ఉన్న మరో ఆఫీసులో తీసుకోవాలా అన్నది మీ ఇష్టం, బ్యాంకు ఇష్టం కాదు. శ్రీకాకుళం వాళ్లు విశాఖ అని, పర్లాకిమిడి వాళ్లు శ్రీకాకుళం అని మిమ్మల్ని తిప్పడం ఆ ఆదేశానికే విరుద్ధం.

ఇప్పుడు ఆ గొంతు తగ్గించి చెప్పిన మాట దగ్గరికి వస్తాను. మీ ఉత్తరం మొత్తంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది అదే. "పోయినట్టు మీరే పోలీసు కంప్లయింటు ఇవ్వండి" అన్నారు కదా, ఆ పని చేయకండి. దస్తావేజులు మీ చేతిలో పోలేదు. మీరు పోగొట్టుకున్నట్టు మీ సంతకంతో కాగితం పుడితే, బ్యాంకు బాధ్యత అక్కడితో చెరిగిపోతుంది, రోజుకు 5,000 అడిగే హక్కూ బలహీనపడుతుంది. కంప్లయింటు ఇవ్వాల్సింది బ్యాంకు. మీరు ఇవ్వక తప్పని పరిస్థితి వచ్చినా, "ఫలానా తేదీన ఫలానా బ్రాంచికి అప్పగించిన దస్తావేజులు కనిపించడం లేదని బ్యాంకు చెప్పింది" అని మాత్రమే రాయాలి. అప్పగించినప్పుడు బ్యాంకు ఇచ్చిన జాబితా మీ దగ్గర ఉండే ఉంటుంది. ఏ నంబరు దస్తావేజు, ఎన్ని పేజీలు, ఎవరి సంతకం అన్నీ అందులో ఉంటాయి. దాని ఒరిజినల్ ఎవరి చేతికీ ఇవ్వకండి, జిరాక్సు ఇవ్వండి. కాగితాలు దొరికి తిరిగి ఇచ్చేటప్పుడు "అన్నీ అందాయి, ఇక ఏ క్లెయిమూ లేదు" అన్న ఫారం ముందు పెడతారు. పరిహారం సంగతి తేలకుండా దాని మీద సంతకం పెట్టకండి. పెట్టక తప్పకపోతే, "దస్తావేజులు మాత్రమే అందాయి, పరిహారం హక్కు అలాగే ఉంది" అని మీ చేతిరాతతో రాసి పెట్టండి.

బ్యాంకుకు ఫిర్యాదు లిఖితపూర్వకంగా ఇవ్వాలి. ఒక ప్రతి శ్రీకాకుళం బ్రాంచికి, ఒకటి పర్లాకిమిడి బ్రాంచికి, ఒకటి బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి స్పీడ్ పోస్టులోనూ ఈమెయిల్లోనూ పంపండి. బాకీ తీరిన తేదీ, 30 రోజులు నిండిన తేదీ, రోజుకు 5,000 చొప్పున ఇంతవరకు అయిన మొత్తం, దస్తావేజులు పర్లాకిమిడి బ్రాంచిలోనే కావాలన్న కోరిక, పోతే ఆ సంగతి రాతపూర్వకంగా చెప్పాలన్న డిమాండు, ఇవన్నీ ఒక పేజీలో ఇమిడిపోతాయి. బ్రాంచిలో ఇచ్చిన ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోవడం మర్చిపోకండి.

30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చినది నచ్చకపోయినా, బ్యాంకుల మీద ఖాతాదారుల ఫిర్యాదులు తేల్చే అధికారి అయిన రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు. 2021లో పాత పథకాలన్నిటినీ కలిపి ఒకే పథకం చేశాక, ఏ రాష్ట్రంలో ఏ అంబుడ్స్‌మన్ అన్న ప్రశ్నే పోయింది. ఆన్‌లైన్‌లో రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల పోర్టల్‌లో వేయొచ్చు. సందేహాలుంటే 14448 నంబరుకు ఫోన్ చేసి అడగొచ్చు. ఖర్చు లేదు. ఇక్కడ వరుస ముఖ్యం: అదే విషయం మీద కోర్టులోనో కమిషన్‌లోనో కేసు నడుస్తుంటే అంబుడ్స్‌మన్ తీసుకోరు. కాబట్టి ఇది ముందు. అంబుడ్స్‌మన్ తీర్పు మీకు సరిపోకపోతే ఒప్పుకోనక్కర్లేదు, కమిషన్‌కు వెళ్లొచ్చు. ఒప్పుకుంటే విషయం అక్కడితో ముగిసినట్టే. వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్ల గడువు ఉంది కాబట్టి ఈ వరుసలో వెళ్లడం వల్ల మీ హక్కు పోదు, అయినా మరీ నానబెట్టకండి.

మీవారు అంటున్న హైకోర్టు గురించి. ఆయన కోపం నాకు అర్థమవుతోంది. అన్నాళ్లు ఒక్క వాయిదా తప్పకుండా కట్టిన మనిషికి ఆ కోపం రావాలి కూడా. కానీ హైకోర్టు రిట్ ముఖ్యంగా ప్రభుత్వం మీద, ప్రభుత్వ సంస్థల మీద వేసేది. ప్రైవేటు బ్యాంకు మీద మామూలుగా రిట్ నిలవదని సుప్రీంకోర్టు 2003లోనే చెప్పింది. పైగా వేరే దారులుండగా నేరుగా వస్తే హైకోర్టు వాటి దగ్గరికే పంపుతుంది. కటక్ అయినా అమరావతి అయినా ఇదే జరుగుతుంది. పరిధి ఒక్కటీ చూస్తే రాజ్యాంగంలోని 226వ అధికరణం రెండో క్లాజు ప్రకారం కొంత కారణం ఒడిశాలో పుట్టింది కాబట్టి కటక్ అని వాదించొచ్చు, కానీ ఆ వాదన గెలిచినా మీ చేతికి కాగితం రాదు. ఆ డబ్బు పెళ్లికి దాచుకోండి.

మరి మీ తమ్ముడి శ్రీకాకుళం మాట పూర్తిగా తీసేయాలా? వద్దు. శ్రీకాకుళం సివిల్ కోర్టుకు పరిధి ఉందనడంలో పెద్ద సందేహం లేదు. లోన్ అక్కడే, దస్తావేజులు అక్కడే, బ్రాంచి అక్కడే. కాగితాలు నిజంగా పోయాయని తేలి, పెద్ద మొత్తంలో నష్టపరిహారం, సాక్షుల విచారణ అవసరమైతే సివిల్ దావా గురించి ఆలోచించాల్సి రావొచ్చు. అక్కడ తెలుగు దస్తావేజులకు అనువాదం అక్కర్లేదు, తిరగడానికి తమ్ముడు ఉన్నాడు. కోర్టు ఫీజు ఉంటుంది, ఏళ్లు పడతాయి, ముంబై షరతు మీద మొదటి పోరు కూడా అక్కడే జరుగుతుంది. ఏం చేసినా రెండు చోట్లా ఒకేసారి వేయకండి. కోపంలో కొందరు అలా వేస్తారు, చివరికి రెండూ పాడవుతాయి.

కోర్టు ఏదైనా, మాఘంలోపు తీర్పు వస్తుందని నేను చెప్పలేను. అందుకని ఇల్లు కొనే ఆయన సంగతి విడిగా చూసుకోవాలి. ఆయన దగ్గర ఏదీ దాచకండి. రిజిస్ట్రారు ఆఫీసులో దానసెటిల్‌మెంటు దస్తావేజు సర్టిఫైడ్ కాపీ, తాజా ఈసీ (ఆస్తి మీద నమోదైన తాకట్టులు, లావాదేవీలు చూపే పత్రం) తీసుకోండి. ఈసీలో బ్యాంకు తాకట్టు ఇంకా కనిపిస్తుంటే, దాన్ని రద్దు చేస్తూ బ్యాంకు రిజిస్టరు చేయాల్సిన కాగితం కూడా బాకీ ఉన్నట్టే. ఫిర్యాదులో అది కూడా రాయండి. వీటితో పాటు నో డ్యూస్ లెటరు, బ్యాంకుకు ఇచ్చిన ఫిర్యాదు ప్రతి ఆయనకు చూపించి, గడువు పెంచుతూ ఒక కాగితం రాసుకోండి. నోటిమాట మీద వదిలేస్తే, గడువు దాటాక అగ్రిమెంటు తప్పింది మీరేనని ఆయన అనే వీలుంది. ఆయన ఒప్పుకోకపోతే అడ్వాన్సు తిరిగి ఇచ్చేసి, రసీదు తీసుకుని విడిపోవడం మేలు. ఒరిజినల్ లేదన్న సాకుతో ధర బాగా తగ్గించి అడిగితే మాత్రం తొందరపడకండి. బ్యాంకు తప్పుకు మీ నాన్నగారి స్థలం విలువ తగ్గించుకోవాల్సిన అవసరం లేదు. ఒకవేళ ఈ ఆలస్యం వల్లే బేరం పోయిందని చూపించగలిగితే, కమిషన్‌లో ఆ నష్టం కూడా అడగొచ్చు. అందుకు ఆయన రాసిచ్చిన ఒక్క ఉత్తరం చాలా పనిచేస్తుంది.

పెళ్లి ఖర్చు మొత్తం ఈ అమ్మకం మీదే పెట్టుకోకుండా ఉంటే మంచిది. వియ్యాలవారికి సంగతి చెప్పి కొంత ఖర్చు తగ్గించుకోవడం ఒక దారి. బంగారం మీద కొన్నాళ్లకు అప్పు తీసుకోవడం ఇంకో దారి. దానికి వడ్డీ పడుతుంది, ఇల్లు ఎప్పుడు అమ్ముడవుతుందో తేలకుండా తీసుకుంటే అది భారమే. ముహూర్తం జరపడం గురించి మీ ఇంట్లో ఎవరూ మాట్లాడటం లేదని ఉత్తరంలో కనిపిస్తోంది. ఆ మాట ఎత్తడం తప్పేమీ కాదు.

మీవారికీ తమ్ముడికీ నడుమ మీరు నలిగిపోతున్నారని అర్థమైంది. దస్తావేజు మీ పేరు మీద ఉంది. ఫిర్యాదు మీద మొదటి సంతకం మీది, వాయిదాలకు హాజరయ్యేదీ ముఖ్యంగా మీరే. కాబట్టి ఊరు ఎంచుకునే హక్కు కూడా మీదే. ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి, శ్రీకాకుళం బ్రాంచికి లేఖ ఇచ్చి ముద్ర వేయించుకునే పని తమ్ముడికి, పర్లాకిమిడి బ్రాంచిలో ఇచ్చే పని మీవారికి అప్పగించండి. స్పీడ్ పోస్టు మీరు వేయండి. ఆ 30 రోజుల తర్వాత బ్యాంకు ఏం రాసిందో, అసలు రాసిందో లేదో, మళ్లీ నాకు రాయండి.